కూటికి పెట్టిన ఎసరు

దుర్గాదేవి ఇడ్లీలు దించి, కొబ్బరి పచ్చడితో అత్తగారికి ప్లేటు అందించింది. అచ్చియ్యమ్మ దాన్ని చేత్తో పట్టుకునే వీధిలోకి చూస్తోంది. అక్కడ చిన్నకోడలు ప్రవల్లిక ఆటోలోకి కూరగాయల బస్తాలు ఎక్కిస్తోంది.

"పాపం, ఒక్క ఇడ్లీ అయినా తినకుండా ఎల్తంది గుంట."

"నేనూ ఇంకా తినలేదత్తయ్యా" అంది దుర్గాదేవి.

"నీకేటమ్మా, ఇంట్లోనే ఉంటావు కదా."

దుర్గాదేవి వంటింట్లోకి వెళ్లిపోయింది. పద్దెనిమిదేళ్లుగా చోడవరంలోని ఆ ఇంటికి వండి పెడుతున్నది తనే. నాలుగేళ్ల కిందట కాపురానికి వచ్చిన ప్రవల్లికకి పులుసు పెట్టడం నేర్పిందీ తనే. తుఫానుకి వరి చేలన్నీ మునిగిపోయి పల్లెల్లో పొయ్యిలు వెలగనప్పుడు ప్రవల్లిక మరో నలుగురితో కలిసి మధ్యాహ్నం భోజనాలు వండి పంపడం మొదలెట్టింది. నెల తిరక్కుండా పేపర్లో ఫోటో పడింది. అచ్చియ్యమ్మ దాన్ని కత్తిరించి దేవుడి గదిలో అంటించింది. దీపం పెట్టడానికి వెళ్లిన ప్రతిసారీ దుర్గాదేవికి ఆ నవ్వుమొహమే కనిపించేది. దేవుడికి దణ్ణం పెట్టాలనే అనిపించేది కాదు.

ఆ మంట ఒకరోజు పేరంటంలో బయటపడింది. భోజనాలకి బియ్యం ఇస్తున్న మిల్లు యజమాని పెదబాబు భార్య, "మీ తోడికోడలు చేతులకి మొక్కాలండీ" అంది.

దుర్గాదేవి నవ్వింది. "మీరిచ్చిన బియ్యమంతా పల్లెలకే వెళ్తందనుకుంటన్నారా? మేము బియ్యం కొని రెండు నెలలయింది."

పచ్చి అబద్ధం. నోరు జారాక భయమేసింది. కానీ ఆవిడ మొహం మాడిపోవడం చూస్తే లోపలెక్కడో చల్లగా కూడా అనిపించింది.

మర్నాటి నుంచి మిల్లు బియ్యం ఆగిపోయాయి. కారణం ఎవరూ చెప్పలేదు. ప్రవల్లిక దొరికినన్ని బియ్యంతోనే నెట్టుకొచ్చింది. నాలుగో రోజు పొద్దున్న దుర్గాదేవి దగ్గరకొచ్చి మొహమాటంగా నిలబడింది.

"అక్కా, కె.కోటపాడు వైపు వడ్డనకి మనిషి రాలేదు. నువ్వొస్తావా?"

అత్తగారు చూస్తుండగా కాదనలేకపోయింది. తోడికోడలి అవస్థ కళ్లారా చూడాలన్న కోరికా లేకపోలేదు.

ఆ ఊళ్లో పంచాయతీ అరుగు మీద గిన్నెలు దించేసరికే జనం బారు తీరి ఉన్నారు. మనిషికి ఒక్క గరిటె చొప్పున పెట్టినా, ఇంకా పదిహేను మంది ఉండగానే అన్నం అడుగంటింది. మిగిలినవాళ్లు వెనక్కి తిరిగారు. వాళ్లలో ఒకావిడ కొంగు మొహం మీదకి లాక్కుని గబగబా నడుస్తోంది. ఆ నడక చూసి దుర్గాదేవి గరిటె వదిలేసి పరిగెత్తింది.

"వదినా, నువ్వేటిక్కడ?"

స్వయానా అన్నగారి భార్య సన్యాసమ్మ. ఆవిడ తల ఎత్తలేదు.

"మన చేను మొత్తం పోనాది దుర్గమ్మా. మనూళ్లో నిలబడితే అందరూ సూస్తారని పక్కూరొస్తన్నాను."

"నాకొక్క మాట సెప్పలేకపోయేవా?"

"ఆడపడుచు ముందు సెయ్యి సాపితే మీ అన్నయ్య బతకడు. ప్రవల్లిక మొదటి వారమే నన్ను గుర్తుపట్టింది. నీకు సెప్పొద్దని ఒట్టేయించుకున్నాను." కొంగు సర్దుకుని, "నిన్న కూడా నాకు అందలేదు. పిల్లలకి గంజి పోసేను. ఎందుకమ్మా ఈ మధ్య తక్కువ తెస్తన్నారు?" అని అడిగింది.

దుర్గాదేవి దగ్గర జవాబు ఉంది.

తిరిగొచ్చేటప్పుడు ఆటోని మిల్లు దగ్గర ఆపించింది. ప్రవల్లిక పక్కనుండగానే పెదబాబుకీ ఆయన భార్యకీ చెప్పింది. "నేను అబద్ధం సెప్పేను. ఒక్క గింజ కూడా మా ఇంటికి రాలేదు. అందరూ దీన్ని పొగుడుతుంటే ఓర్వలేకపోయేను."

"రేపట్నుంచి పంపిస్తాను" అని పెదబాబు లోపలికి వెళ్లిపోయాడు.

ఆటో కదిలాక ప్రవల్లిక మొహం తిప్పుకుంది.

"నా మీద కోపముంటే నన్ను తిట్టాల్సిందక్కా. అంతమంది కూటికి ఎసరు పెట్టేవు."

"తప్పయిపోయింది."

"మూడ్రోజులు నేనొక్కదాన్నే వాళ్ల మొహాలు సూసేను."

దుర్గాదేవి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ప్రవల్లిక ఓదార్చలేదు. చోడవరం పొలిమేర చేరాక మాత్రం చెయ్యి చాచి ఆమె చేతిని పట్టుకుంది. తన కళ్లూ తడిగానే ఉన్నాయి.

"ఏడవకక్కా. రేపు కూడా నువ్వే వడ్డించు. మీ వదిన రాకపోతే, ఇంటికెళ్లి సెయ్యి పట్టుకుని తీసుకొద్దాం."