ఎడ్నా ఫ్లాటులో టీ వేళ

ఇంగ్లండులో మా హేస్టింగ్స్‌ ఊళ్ళో సముద్రానికి ఎదురుగా ఉన్న ఆ పాత మేడకి చీకటి పడ్డాక వెళ్ళొద్దని మా చిప్స్ కొట్టుకి వచ్చేవాళ్ళంతా చెబుతారు. మొదటి అంతస్తులో ఉండే ఎడ్నా వసంతంలోనే పోయింది. తలుపుకి తాళం. అయినా సరిగ్గా టీ వేళకి ఆ ఖాళీ ఫ్లాటులో చప్పుడు వినిపిస్తుందట... ఇళ్ళు అమ్మిపెట్టే కుర్రాడు కూడా కొనేవాళ్ళని మిట్టమధ్యాహ్నమే తీసుకొస్తాడు. "ఎండొచ్చే ఇల్లండీ, వెలుతుర్లోనే చూడాలి" అంటాడు, దొంగవెధవ.

ఆ ఫ్లాటు ఎడ్నా మేనల్లుడు డెస్మండ్‌కి వచ్చింది. ఈ కథ అతను చెప్పిందే.

వచ్చిందంటే — గదులు మాత్రమే, అవీ ఏళ్ళ తరబడి లీజు మీద; అమ్ముకోవచ్చు గానీ ఆసామి కాగితాలివ్వాలి. నేల, గోడలు, పైకప్పు వేరే ఆసామివి. వాననీటి గొట్టం పగిలినా ఆ ఆసామి బాగుచేయించడు. ఆ నీరంతా నేలమాళిగలో ఉండే ముసలాయన హక్‌స్టెప్ గోడల్లోకి దిగింది, ఆ చెమ్మ ఆయన ఊపిరితిత్తుల దాకా పోయింది. ఎడ్నా గదులు పొడిగానే ఉండేవి. అయినా ఆయన కోసం ఆమె ఆసామి మీద కేసు వేసి, పోయేదాకా వదల్లేదు.

తగాదాలో ఉన్న ఫ్లాటుని ఎవరు కొంటారు? డెస్మండ్ భార్యకి నెలలు నిండుతున్నాయి, వాళ్ళుండేది ఒక్క గది. "మీ అత్త కేసు వెనక్కి తీసుకో, అమ్మకం కాగితాలు వెంటనే పంపిస్తా" అన్నాడు ఆసామి. డెస్మండ్ సంతకం పెట్టేశాడు. ముసలాయనకి మాటమాత్రంగానైనా చెప్పలేదు. చెప్పడానికి మొహం చెల్లలేదు.

డిసెంబరులో ఓ సాయంత్రం, మిగిలిన సామాన్లు తెచ్చుకుందామని వెళ్ళాడు. చలికాలం కదా, నాలుగింటికే చీకటి. మెట్ల దగ్గర బటన్ నొక్కితే లైటు వెలిగింది... సగం ఎక్కేసరికి ఆరిపోయింది. ఆసామి పిసినారితనం అక్కడా అంతే. తడుముకుంటూ తాళం తీశాడు. లోపల అత్త పౌడరు వాసన ఇంకా పోలేదు.

టక్... టక్... టక్.

గోడవారన, గది వెచ్చబెట్టే రేడియేటర్ గొట్టంలోంచి.

డెస్మండ్ గుమ్మంలోనే ఆగిపోయాడు. మళ్ళీ... టక్, టక్, టక్. ఈసారి గట్టిగా — ఎవరో జవాబు అడుగుతున్నట్టు.

"అత్తా..." అన్నాడు. "బిడ్డ పుట్టబోతోంది అత్తా. నాకు వేరే దారి లేదు. క్షమించు."

చప్పుడు ఆగిపోయింది. ఆ నిశ్శబ్దాన్ని అతను అసలు భరించలేకపోయాడు. చేతికి దొరికిన చెంచాతో తనే గొట్టం మీద మూడుసార్లు కొట్టాడు.

కింద ఎక్కడో తలుపు కిర్రుమంది. మెట్ల మీద అడుగులు... ఆగుతూ... ఆయాసపడుతూ... పైకే వస్తున్నాయి. తలుపు మెల్లిగా తెరుచుకుంది —

కోటు మీద దుప్పటి కప్పుకుని హక్‌స్టెప్!

"ఉన్నావా నాయనా!" దగ్గు తెర ముంచుకొచ్చింది. "రోజూ టీ వేళకి నేను కింద ఇదే గొట్టం మీద కొట్టేవాణ్ణి, మీ అత్త పైన కొట్టేది. ఇద్దరం బతికే ఉన్నామని, అంతే. ఆవిడ పోయినా ఈ చెయ్యి ఊరుకోదే! ఇవాళ జవాబొచ్చేసరికి గుండె ఆగినంత పనైంది."

డెస్మండ్ నవ్వబోయాడు.

"ఆ దొంగసచ్చినోడు, మన ఆసామి, ఏం చేశాడో తెలుసా? నువ్వు కేసు వదిలేశావని నాకు కబురంపాడు. ఎడ్నా మేనల్లుడు అలాంటివాడు కాదు పోరా అన్నాను." ముసలాయన గొంతు గుసగుసగా మారింది. "అన్నాను సరే... వాడు చెప్పింది అబద్ధమే కదా నాయనా?"

డెస్మండ్ కెటిల్ వైపు తిరిగాడు.

"టీలో పంచదార ఎంత వెయ్యమంటారు?"

వెనక ముసలాయన దుప్పటి సర్దుకున్న చప్పుడైంది.

"వద్దులే నాయనా. అమ్మేసిన ఇంట్లో టీ ఏం తాగుతాం" అన్నాడు హక్‌స్టెప్. గోడ పట్టుకుని, మెట్టు మెట్టుకీ ఆగి దగ్గుతూ, తన చెమ్మ గదిలోకి దిగిపోయాడు.