అక్కర్లేదు గారి రాతపూర్వక సలహా

"అక్కర్లేదు గారెక్కడ?"

తడిసిన గొడుగు అకౌంట్ల ఆఫీసు గుమ్మంలో విదిలించి, చేతిలోని నోటీసు టేబుల్ మీద పడేసింది బొమ్మల లైబ్రరీ మేనేజరమ్మాయి. ఏమడిగినా "అక్కర్లేదండీ" అనే కుర్ర అకౌంటెంటుకి ఆ పేరు పెట్టింది కూడా ఆమే.

"రిటర్ను వెయ్యాలా అని రెండేళ్ల కిందట అడిగితే ఏమన్నారు?"

"మీది సేవాసంస్థ, పన్ను లేదు కాబట్టి..." అంటూ అతను నోటీసు అందుకుని చదివాడు. పన్ను లేకపోయినా రిటర్ను వేసి తీరాలని నోటీసులో స్పష్టంగా ఉంది.

"అక్కర్లేదన్నారు! ఇప్పుడు మా రిజిస్ట్రేషనే రద్దు చేస్తారట. మూడొందలమంది పిల్లలు బొమ్మలు తీసుకెళ్లే చోటండీ. తాళం వేసుకోమంటారా?"

కోపంతో ఆమె ముక్కు ఎర్రబడింది. ఇంత ముప్పు ముంచుకొచ్చినప్పుడు కూడా ఆ ముక్కు ముద్దుగా కనిపించినందుకు అతను తనని తానే తిట్టుకున్నాడు.

ఆమె వెళ్లాక, ఆఫీసు యజమాని అయిన మేనమామ గొంతు తగ్గించాడు. "నోటిమాటేగా అల్లుడూ, రుజువేముంది? ఒప్పుకున్నావంటే నీ లైసెన్సుకే ఎసరు."

"ఆవిడ నా మాట నమ్మింది మావయ్యా."

లెటర్‌హెడ్ తీశాడు. తప్పుడు సలహా తనదేనని, సంస్థ తప్పేమీ లేదని రాసి స్టాంపు గుద్దాడు. ఒక కాపీ పన్నుల ఆఫీసుకి, ఇంకోటి తనకి లైసెన్సు ఇచ్చిన సంఘానికి పంపేశాడు. పాత రిటర్నుల పని కూడా తనే నెత్తినేసుకుని, వారమంతా లైబ్రరీలో చక్రం ఊడిన చెక్క ఏనుగు పక్కన కూర్చున్నాడు.

మొదటిరోజు ఆమె కాగితాలిచ్చి మొహం తిప్పుకుంది. మూడోరోజు టీ ఇచ్చింది. ఐదోరోజు, "ఇంకాస్త చక్కెర వెయ్యనా?" అంది.

"అక్కర్లే..." అనబోయి నాలిక కరుచుకున్నాడు. ఆమె ఫక్కున నవ్వింది.

నెల తిరక్కుండానే రెండు ఉత్తరాలొచ్చాయి. రిజిస్ట్రేషను రద్దు కాకుండా లైబ్రరీ నిలిచింది. గట్టి మందలింపుతో అతని లైసెన్సూ నిలిచింది. రెండూ పట్టుకుని వానలో లైబ్రరీకి పరిగెత్తాడు.

"మీకో సలహా. నన్ను పెళ్లి చేసుకోండి," గుక్కతిప్పుకోకుండా అనేశాడు.

ఆమె చేతిలోని బొమ్మని అరలో పెట్టింది. "మీ నోటిమాట నమ్మి ఒకసారి మునిగాను. రాసివ్వండి."

మర్నాడు పొద్దున్నే లెటర్‌హెడ్ వచ్చింది. "విషయం: పెళ్లి. ఈ సలహా తప్పని తేలితే జీవితాంతం పూర్తి బాధ్యత నాదే." కింద సంతకం, స్టాంపు. ఆ కింద సాక్షిగా మేనమామ సంతకం.

ఆమె నవ్వాపుకుంటూ బొమ్మల రిజిస్టరు తెరిచింది. "ఇక్కణ్నించి ఏం తీసుకెళ్లినా రాయాలి. నన్ను తీసుకెళ్తున్నారుగా, తిరిగిచ్చే తేదీ వెయ్యనా?"

"అక్కర్లేదండీ."

"ఇన్నాళ్లకి ఒక్క సలహా సరిగ్గా ఇచ్చారు," అంటూ ఆమె రిజిస్టరు మూసేసింది.