ఉల్టా తొక్కే సైకిల్

లింగంపేట దాటి రెండు కిలోమీటర్లు వచ్చాడో లేదో, సిద్దార్థ సైకిల్ వెనక చక్రంలో కటకటమని చప్పుడైంది. పెడల్ బిగుసుకుపోయింది. దిగి చూస్తే ఎండుపుల్ల ఒకటి చైన్‌లో ఇరుక్కుంది, గేర్లు మార్చే డిరైలర్ విరిగి వేలాడుతోంది.

ఇరవై ఒక్క గేర్ల సైకిల్. కామారెడ్డిలో మంచినీళ్ల పైపులైన్లు చూసే ఇంజనీరు గారు ముచ్చటపడి కొనుక్కున్నది. ప్రతి ఆదివారం ఎల్లారెడ్డి దాకా తొక్కడం, ఒక సెల్ఫీ దిగడం, తిరిగి వెళ్లడం ఆయన అలవాటు. ఈ ఆదివారం సెల్ఫీకి ముఖం చెల్లలేదు.

"ఏమైంది సార్?"

చర్చి నుంచి వస్తున్న అమ్మాయి. తెల్ల చుడీదార్, నల్ల లేడీస్ సైకిల్, ముందు బుట్టలో బైబిలు, దాని పక్కనే పానాల సంచి.

"డిరైలర్ హ్యాంగర్ ఫెయిలయింది," అన్నాడు, ఇంగ్లిషులో చెప్తే అవమానం కాస్త తగ్గుతుందేమోనని.

"విరిగిందంటే సరిపాయె కదా. జరుగుండ్రి."

జరిగాడు. ఆమె డిరైలర్ ఊడదీసింది. చైన్ పిన్ను కొట్టి, కొన్ని లింకులు తీసేసి, పొట్టిదైన చైన్‌ను మధ్య పళ్లచక్రం మీద బిగించింది. ఈలోగా సన్నగా తుంపర మొదలైంది. నుదుటి మీది చినుకును ఆమె మోచేత్తో తుడుచుకుంటే, అక్కడ గ్రీజు మరక అంటుకుంది. చెప్పాలా వద్దా అని సిద్దార్థ ఆలోచించి, బాగుందని వదిలేశాడు.

"ఇగో, ఇప్పుడు మీ సైకిల్‌కు ఒక్కటే గేరు."

"ఇరవై పోయినయా?"

"ఇరవై పోయినా బండి నడుస్తది. ఆ ఒక్కటి పోతే మీరు నడుస్తరు."

ఆమె పేరు గ్లోరీ. ఎల్లారెడ్డిలో అద్దె సైకిళ్లిచ్చి రిపేర్లు చేసే సైకిల్ టాక్సీ ఆమె తండ్రి ప్రభుదాసుది. ఇద్దరూ తడుస్తూ మెల్లగా అక్కడికి చేరారు. ప్రభుదాసు చైన్ చూసి, "ఈ అతుకు కామారెడ్డి దాక ఆగది," అని తేల్చేశాడు. విరిగిన ముక్కను సిద్దార్థ ఫోన్‌లో ఆర్డర్ పెట్టాడు.

ఆ కొట్టులో ఒక పద్ధతి ఉంది. రిపేరుకు సైకిల్ వదిలిన మనిషిని నడిపించి పంపరు, ఇంకో సైకిల్ చేతికిస్తారు. అద్దె సైకిళ్లు రెండూ బయటికి పోవడంతో ప్రభుదాసు తన సొంతదే ఇచ్చాడు. తన చేతుల్తో చేసుకున్నది. వెనక చక్రానికి ఒకటి కాదు, రెండు పళ్లచక్రాలు, అంటే రెండు ఫ్రీవీళ్లు; రెండింటినీ చుట్టుకున్న ఒకటే పొడుగు చైన్.

"సాఫ్ రోడ్డు మీద ముందుకు తొక్కు కొడుకా. ఎత్తు వస్తే ఉల్టా తొక్కు."

"ఉల్టా తొక్కితే ముందుకెట్ల పోతది బాపూ?"

"తొక్కి చూడు. అల్కగ పోతది."

నిజంగానే పోయింది. ఎత్తు మీద కాళ్లు వెనక్కి తిప్పుతూ ముందుకు పోతున్న ఇంజనీరును చూసి నాట్లేసే ఆడవాళ్లు పని ఆపి మరీ నవ్వారు. వాళ్ల కంటే ముందు, కొట్టు గుమ్మంలో నిలబడి గ్లోరీ నవ్వింది. ఆ నవ్వు అతన్ని వారమంతా పని చేసుకోనివ్వలేదు.

పార్సిల్ ఆరో రోజే వచ్చింది. తీసుకెళ్లి ఇస్తే సైకిల్ బాగవుతుంది. బాగైతే ఆ కొట్టులో తనకేం పని? సిద్దార్థ ప్యాకెట్టును సంచి అడుగున దాచాడు.

"ముక్క రాలేదా?" అంది గ్లోరీ రెండో ఆదివారం.

"హైదరాబాద్‌ల ఆగిందట."

మూడో ఆదివారం చాయ్ తాగుతూ, "మేడ్చల్ దాక వచ్చిందట," అన్నాడు.

"పార్సిల్ గూడ ఒక్క గేరు మీదనే వస్తున్నదా?"

ఇద్దరూ పడీపడీ నవ్వుకున్నారు. ఆమెకు తనంటే ఇష్టమేనని ఆ రోజు అతనికి సగం నమ్మకం కుదిరింది.

నాలుగో ఆదివారం, ఎల్లారెడ్డి ఇంకా మూడు కిలోమీటర్లుందనగా, ప్రభుదాసు రోడ్డు పక్కన కుంటుతూ కనిపించాడు. లింగంపేటలో అక్కను చూసొస్తున్నాడట.

"ఆటో ఈడిదాకనే వచ్చింది కొడుకా. వేరే సైకిలైతే ఎత్తు మీద మోకాలు గుంజుతది. అందుకే గిది చేసుకున్న."

"మరి నాకెందుకిచ్చినవ్ బాపూ?"

"వారమే కదా అనుకున్న. ముక్క వస్తే అయిపాయె."

సిద్దార్థ సైకిల్ దిగాడు. పెద్దాయన్ని క్యారియర్ మీద కూర్చోబెట్టుకుని, ఎత్తంతా ఉల్టా తొక్కుకుంటూ ఎక్కాడు. తను నవ్వుకున్న ఆదివారాలన్నీ ఈయన నొప్పితో నడిచాడన్న సిగ్గు ముందు, ఒళ్లు పట్టిన చెమట ఒక లెక్క కాదు.

కొట్టు ముందు ప్రభుదాసు దిగాడు. సైకిల్ ముందు చక్రం గడప దాటింది. లోపల గ్లోరీ చేతులు కట్టుకుని నవ్వుతూ నిలబడి ఉంది.

"పార్సిల్ ఇయ్యాల గూడ మేడ్చల్‌లనేనా?"

చెప్తే ఈ నవ్వు మళ్లీ కనిపించదు. సిద్దార్థ ధైర్యం జారిపోయింది. "ఇప్పుడే వస్త. టైర్ల గాలి కొట్టించుకోవాలె," అని సైకిల్‌ను వెనక్కి లాగాడు.

"సైకిల్ షాపుకు వచ్చి గాలికి ఎటు పోతరు?"

సైకిల్ కదల్లేదు. ఇంకా గట్టిగా లాగాడు. వెనక చక్రం బిర్రబిగుసుకుపోయింది.

"అది వెనక్కి రాదు కొడుకా," అన్నాడు ప్రభుదాసు. "రెండు ఫ్రీవీళ్లు ఒకదాన్నొకటి పట్టుకుంటయి. లోపలికే పోవాలె."

సిద్దార్థ లోపలికే వెళ్లాడు. సంచిలోంచి ప్యాకెట్టు తీసి గ్లోరీ చేతిలో పెట్టాడు.

"ఇది వచ్చి రెండు వారాలైంది. సైకిల్ బాగైతే నిన్ను చూడనీకి సాకు ఉండదని దాచిన. బాపు మోకాలి సంగతి నాకు తెల్వదు. తప్పైంది. నువ్వంటే నాకు చాన ఇష్టం గ్లోరీ."

ఆమె ముఖంలో నవ్వు పోయింది. కింద కూర్చుని ముక్క బిగించింది, తీసిన లింకులు కలిపింది, గేర్లన్నీ ఒక్కొక్కటే మార్చి చూసింది. అరగంట పట్టింది. సిద్దార్థకు అది పరీక్ష ఫలితాల కోసం కూర్చున్నట్టే ఉంది.

"మూడు వారాల సంది బాపు ఆటోల కోసం నిలబడ్డడు," అంది చివరికి, సైకిల్ అతని ముందుకు తోస్తూ.

"అవును."

"నేనడిగితే మేడ్చల్ అన్నవ్."

"అన్న."

"ఇంకోసారి అబద్ధం చెప్తే ఇరవై ఒక్క గేర్లు ఊడదీస్త."

తలూపి బయల్దేరబోయాడు.

"చాయన్న తాగి పోనీ బిడ్డా," అన్నాడు ప్రభుదాసు.

"ఇయ్యాల కోపంల ఉన్న బాపూ. వచ్చే ఆదివారం తాగుతడు."

సిద్దార్థ ఆగిపోయాడు. "వచ్చే ఆదివారమా? సైకిల్ బాగైంది కదా?"

"బాగున్న సైకిల్ మీద మా ఊరికి రావద్దని ఎవరన్న చెప్పిండ్రా?" గ్లోరీ చేతుల గ్రీజు తుడుచుకుంటూ తల దించుకుంది, కానీ నవ్వు దాగలేదు. "చర్చి అయినంక లింగంపేట కాడ ఉంట. ఏదీ ఖరాబ్ చేసుకోకుండ రా."