గరిటె అరిగిన వైపు

“ఇది మాది కాదండీ,” అన్నాడు డ్రాయింగు మాస్టారు.

“మీదే మాస్టారూ. బాగా చూడండి,” అంది మేస్త్రి కూతురు, నవ్వు ఆపుకుంటూ.

ఆ నవ్వుకి కారణం ఉంది. మిగతా పనులన్నీ పక్కన పెట్టి రెండు రోజులు ఆ ఇత్తడి గరిటె ఒక్కటే పట్టుకు కూర్చుంది ఆమె. ఊగుతున్న కాడ బిగించింది. సొట్టలు తీసింది. ముందు అంచు ఒక పక్కకి ఏటవాలుగా అరిగిపోయి కనబడితే, ఆకురాయితో రెండో పక్క కూడా రాకి గుండ్రంగా సరిచేసింది. ఆపైన మెరుగు పెట్టింది. ఇప్పుడు ఆ గరిటెలో చూసుకుని తల దువ్వుకోవచ్చు.

పాత గిన్నెలూ చెంచాలూ బాగుచేసే షాపు వాళ్ళది. తండ్రి మాట్లు వేస్తాడు, కూతురు మెరుగు పెడుతుంది. ఆమె చేతిలో పడ్డ వస్తువు కొత్త పెళ్ళికూతురై బయటికొస్తుందని వీధిలో పేరు. అందుకే అందరూ ఆమెని ‘తళతళమ్మ’ అంటారు.

మాస్టారు గరిటెని వెలుగులోకి తిప్పాడు. బొటనవేలితో అంచు తడిమాడు. పన్ను ఊడిన చోట నాలుక వెతికినట్టు వెతికింది ఆ వేలు.

“ఇక్కడ అరుగుదల ఉండాలి. కుడివైపు.”

“ఉండేది. తీసేశాను. ఎంత వంకరగా ఉండేదో!”

“కాడ బిగించమన్నాను కదండీ? కాడ ఒక్కటే.”

“అది మీరెప్పుడూ పాడే పాటే కదా! కాడ ఒక్కటే, మెరుగొద్దు, మరక తీయొద్దు... ఇది మీ నాయనమ్మగారిదన్నారని నేనే కాస్త శ్రద్ధగా...”

“కాస్తా?” అన్నాడాయన. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేదని ఆమెకి తర్వాత అనిపించింది. “నలభై ఎనిమిదేళ్ళండీ అది. రెండు రోజుల్లో చెరిపేశారు.”

గరిటెని పసిపిల్లని పడుకోబెట్టినంత మెల్లగా బల్లమీద పెట్టి, గొడుగు తీసుకుని వెళ్ళిపోయాడు.

లోపల టీ తాగుతున్న తండ్రి తలుపులోంచి తొంగిచూశాడు.

“ఏమ్మా, వస్తువు వదిలేసి పోయాడేంటి?”

“నచ్చలేదట నాన్నా.”

“నీ పని నచ్చలేదా!” మేస్త్రి గరిటె ఎత్తి అటూ ఇటూ తిప్పాడు. “దీనికి వంక పెట్టేవాడు, చందమామకి మచ్చుందని సబ్బు పెట్టి రుద్దుతాడు.”

కూతురు నవ్వబోయి ఆగింది. సబ్బు పెట్టి రుద్దింది ఎవరో అప్పుడే తట్టింది ఆమెకి.

మాస్టారు ఆ షాపుకి రావడం రెండేళ్ళ నుంచీ. ఆయనకో పిచ్చి ఉంది. జనం వాడి పడేసిన చెంచాలు, గరిటెలు, ఫోర్కులు పోగుచేస్తాడు. వెండివీ, రాజులవీ కావు. హోటల్ మూసేస్తే మిగిలినవి, తాతగారు పోతే పిల్లలు వదిలించుకున్నవి. బళ్ళో పిల్లలు పెట్టిన పేరు ‘గరిటెల మాస్టారు’. విచిత్రం ఏమిటంటే ఆయన తెచ్చే వాటన్నిటికీ ఒకటే జబ్బు. కాడ ఊగడం.

“ఈసారి ఏ తాతగారిది మాస్టారూ?” అని తళతళమ్మ ఆటపట్టించేది.

“తాతగారిది కాదు, బామ్మగారిది. చక్కెర ఎక్కువ వేసుకునేవారు,” అని ఆయన చూసొచ్చినట్టు చెప్పేవాడు. ఆమె రివెట్టు బిగించేంతసేపూ బల్లమీద కాగితం మీద ఏవో గీతలు గీస్తూ కూర్చునేవాడు. పావుగంట పని. ఆమె దాన్ని ముప్పావుగంట చేసేది.

వస్తువు పాడైతే మళ్ళీ చేయొచ్చు. మనిషి ఇటు రావడం మానేస్తే దానికి ఏ టంకం పెట్టాలో ఆమెకి తండ్రి నేర్పలేదు.

వారం గడిచింది. మాస్టారు వీధిలో కనబడుతూనే ఉన్నాడు. కాకపోతే అవతలి పక్క నుంచి నడుస్తున్నాడు. వాన లేకపోయినా గొడుగు వేసుకుని, దాన్ని సరిగ్గా షాపు వైపుకి వంచుకుని మరీ.

“ఎండ ఇటునుంచి కొడుతోంది కాబోలు,” అన్నాడు తండ్రి.

“ఇటు మన షాపుంది నాన్నా,” అంది కూతురు.

“నీ తప్పుందా ఇందులో?”

“తెలీదు.”

“తెలీకపోతే వెళ్ళి తెలుసుకో. తెలిస్తే వెళ్ళి ఒప్పుకో. రెండిటికీ దారి ఒకటే.”

ఎనిమిదో రోజు సాయంత్రం ఆమె గరిటెని గుడ్డలో చుట్టుకుని మాస్టారింటికి బయల్దేరింది. తీరా సగం దారిలో నిజంగానే వాన పట్టుకుంది. గొడుగు అవసరమైన రోజున గొడుగున్న మనిషి ఎదురుపడడు కదా.

తలుపు తీసిన మాస్టారు తడిసిన ఆమెని చూసి, కోపం ఎక్కడ పెట్టాడో గుర్తురానివాడిలా నిలబడ్డాడు. “ఉండండి, తువ్వాలు తెస్తాను,” అని లోపలికి పోయాడు.

ముందు గది గోడ నిండా మేకులు. మేకు మేకుకీ ఒక చెంచా, కింద చిన్న అట్టముక్క. ఏ కాలానిదో, ఎంత ఖరీదో ఉంటుందనుకుంది. అదేం లేదు. ‘బ్యాండు మేళం ఆయన. కుడిచెయ్యి. వేడివేడిగా తాగేవాడు.’ ‘పళ్ళు వస్తున్న పాప.’ ఆ చెంచా మీద నిజంగానే పంటి గాట్లున్నాయి. ‘హోటల్ చెంచా. ఎవరి చెయ్యీ కాదు, అందరి చెయ్యీ.’

ఒక్కొక్క అంచూ చూస్తూ పోయింది. పనిమంతురాలి కళ్ళు కదా, మూడో వరసకి పట్టేశాయి. కుడిచేతివాళ్ళు గిన్నె గీకితే చెంచాకి ఎడమ అంచు అరుగుతుంది. గోడ మీదున్నవి దాదాపు అన్నీ ఎడమవైపే అరిగాయి.

మధ్యలో ఒక మేకు ఖాళీగా ఉంది. దాని కింద అట్టముక్క మాత్రం రాసి సిద్ధంగా ఉంది. ‘నాయనమ్మ. ఎడమచెయ్యి. ఎవరికీ తెలియదు.’

చుట్టిన గుడ్డ ఆమె చేతిలో బరువెక్కింది.

“ఎవర్రా వచ్చిందీ?” అంటూ ఒక ముసలావిడ గోడ పట్టుకుని వచ్చింది. “గరిటె చెడగొట్టిన పిల్లేనా?”

“నాయనమ్మా!” అన్నాడు మాస్టారు, తువ్వాలుతో వచ్చి.

“నువ్వన్న మాటేరా. నేను కల్పించానా?”

“నేనేనండీ,” అంది తళతళమ్మ. “తప్పయిపోయింది. వంకరనుకున్నాను. అది చెయ్యి అని తెలీలేదు.”

నాయనమ్మ గరిటె అందుకుంది. ఎడమచేత్తోనే. దూరంగా పెట్టి చూసి, దగ్గరగా పెట్టి చూసి, ఉన్నట్టుండి నవ్వింది.

“ఓసి నీ ఇల్లు బంగారం గానూ! మంచిపని చేశావు. ఉన్న ఒక్క సాక్ష్యం మాయం చేశావు.”

“సాక్ష్యమా?”

“నాది పుర్రచెయ్యి తల్లీ. కాపరానికొచ్చిన రోజే మా అత్తగారు చూసి, ‘ఆ చేత్తో వండితే ఇంట్లో ఎవరూ తినరు’ అంది. నలుగురిలో కుడిచెయ్యే వాడేదాన్ని. వంటగది తలుపు మూస్తే మాత్రం నా చెయ్యి నాదే. ఆవిడ పోయేదాకా తెలుసుకోలేదు. తింటూ పోయింది. ‘నీ చేతి రుచి ఎవరికీ రాదే’ అంటూ మరీ పోయింది.” ముసలావిడ గరిటెని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. “దేవుడికి దండం పెట్టాలంటే రెండు చేతులూ కావాలి కదా. ఆయనకి లేని తేడా వీళ్ళకెందుకో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.”

మాస్టారు ఖాళీ మేకు కేసి చూశాడు.

“అందుకే దాన్ని గోడ మీద పెట్టాలనుకున్నాను,” అన్నాడు మాస్టారు నెమ్మదిగా.

“నన్ను గోడకి తగిలించడానికి నేనింకా పోలేదురా! పొయ్యి మీద పాలున్నాయి, నాకు గరిటె కావాలి.” అంతలో ఆవిడకి ఏదో గుర్తొచ్చింది. “అయినా దాని కాడ ఎన్నడూ ఊగలేదే! ‘ఊగుతోంది నాయనమ్మా, బాగుచేయిస్తా’ అని నువ్వు పట్టుకుపోయాక కదా ఇదంతా?”

మాస్టారు చేతిలోని తువ్వాలు మడతపెట్టడం మొదలుపెట్టాడు.

“దానంతటది ఊగలేదు నాయనమ్మగారూ,” అంది తళతళమ్మ. “రివెట్టు పక్కన చాకు మొన గీత ఉంది. ఇదొక్కదానికే కాదు, రెండేళ్ళుగా వచ్చిన వాటన్నిటికీ ఉంది.”

మాస్టారి చెవులు కాలిన ఇత్తడి రంగుకొచ్చాయి.

“మీకు... ఎప్పటినుంచి తెలుసు?”

“మూడో చెంచా నుంచి.”

“మరి అడగలేదే!”

“అడిగితే నాలుగోది తెచ్చేవారా?”

నాయనమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. “నా గరిటె పాడుచేసింది ఎవరో ఇప్పుడు తేలింది. అమ్మాయ్, తల తుడుచుకుని వెళ్ళి ఆ పాలు కలుపు. ఒరేయ్, నువ్వూ వెళ్ళు, అడుగంటకుండా చూడు,” అని కుర్చీలో కూలబడి కళ్ళు మూసుకుంది. చెవులు మూసుకున్నట్టు మాత్రం లేదు.

పొయ్యి దగ్గర ఆమె పాలు కలుపుతుంటే ఆయన పక్కన నిలబడ్డాడు.

“సారీ అండీ. చాకు సంగతికీ, గొడుగు సంగతికీ.”

“నాదీ సారీయే. రెండు రోజులు పడ్డాను దాని మీద. ఇంకెవరి గరిటెకీ అంత పడలేదు.”

“పాత అరుగుదల మళ్ళీ పెట్టలేరా?”

“ఆకురాయితో పది నిమిషాల పని. కానీ అది దొంగ సంతకం మాస్టారూ.”

“మరి నిజంది కావాలంటే?”

“రోజూ గిన్నె గీకాలి. ఒకటే చెయ్యి, ఒకటే ఇల్లు. నలభై ఏళ్ళు పడుతుంది.”

మాస్టారు పాలకేసి చూశాడు. పాలూ ఆయన్ని తొందరపెట్టలేదు, ఆమె కూడా తొందరపెట్టలేదు.

“అయితే ఇవాళ మొదలుపెడదామా?” అన్నాడు చివరికి.

గరిటె ఆగింది. మళ్ళీ కదిలింది.

“నాది కుడిచెయ్యి. మీ నాయనమ్మగారి అరుగుదల రాదు, రెండో పక్క అరుగుతుంది.”

“నాది ఎడమచెయ్యి. ఒక పూట మీరు కలపండి, ఒక పూట నేను.”

ఆమె లెక్క కట్టింది. కళ్ళముందు అంచు గీసుకుని చూసింది. పెదవి చివర నవ్వు మొదలైంది.

“రెండు పక్కలా సమంగా అరిగితే మళ్ళీ తిన్నగానే అవుతుందిగా మాస్టారూ. ఇప్పుడున్నట్టే.”

“అవును.”

“అంటే నేను చేసింది తప్పు కాదన్నమాట!”

“తప్పు కాదు,” అన్నాడాయన. “నలభై ఏళ్ళు ముందు చేశారు, అంతే.”

“ఒరేయ్,” అని ముందు గదిలోంచి కేక వచ్చింది. “మేస్త్రిగారు రేపు ఇంట్లో ఉంటారేమో కనుక్కో. నేను మాట్లాడాలి. కుడిచెయ్యైనా ఫరవాలేదని చెప్పాలి.”

ఇదంతా జరిగి తొమ్మిదేళ్ళు. కొలిచి చూస్తే గరిటె అంచు అటు కాగితమంత, ఇటు కాగితమంత తగ్గిందని తళతళమ్మ అంటుంది. వంట పూటలు మాత్రం తనవే ఎక్కువని ఆమె వాదన. నాయనమ్మ ఇప్పుడు కుర్చీలోంచి లేవదు. వడ్డించిన ముద్ద నోట్లో పెట్టుకుని ఏ పూట ఎవరి చెయ్యో చెప్పేస్తుంది.

గోడ మధ్యలో మేకు ఇంకా ఖాళీగానే ఉంది. చూడ్డానికొచ్చినవాళ్ళు అక్కడ ఆగి, అదేమైందని అడుగుతారు. కింద అట్టముక్క మారింది. మాస్టారు ఏం చెప్పడు, అది చూపిస్తాడు.

‘వాడకంలో ఉంది.’