అవ్వ దిగని గోదావరి

ఆదివారం పొద్దున ఏడున్నరకే మహేందర్ షాపులోని కాలిన మోటర్లన్నీ ఒక మూలకు జరిపి, నేల ఊడ్చి రెండు చాపలు పరిచాడు. బోధన్ బస్టాండు వెనక సందులో, ఇంటి ముందు గదే అతని మోటర్ వైండింగ్ షాపు. వారమంతా రాగితీగలతో, వార్నిష్ వాసనతో నిండి ఉండే ఆ గది ఆదివారం మాత్రం సండేస్కూల్ అయిపోతుంది. పదేళ్లుగా చర్చి పిల్లలకు వాక్యం చెప్పేది అతనే. "మహేందర్ దగ్గర నేర్చుకున్న పిల్లలు తప్పు చెప్పరు" అని పాస్టరుగారు నలుగురిలో అంటుంటే, తల వంచుకున్నా లోలోపల గర్వంగానే ఉండేది.

"చాయ్ చల్లారిపోతున్నది. తాగినంక చెప్పుకో నీ పాఠం" అంటూ భార్య సవిత గ్లాసు పట్టుకుని వచ్చింది.

"ఇయ్యాల బాప్తిస్మం పాఠం సవితా. వచ్చే నెల మొదటి ఆదివారమే కార్యక్రమం. మన సంజన పేరు గూడ ఇయ్యాలనే రాసియ్యాలె."

సవిత గుమ్మం వైపు చూసింది. పదమూడేళ్ల సంజన జడ సగం అల్లుకుని అక్కడే కూర్చుని ఉంది. "రెండు రోజుల సంది గిట్లనే ఉన్నది. అడిగితే ఏం లేదంటది" అంది మెల్లగా.

"నీళ్లల్ల మునుగాలంటే భయమైతున్నదేమో. నేను చెప్త కదా" అని మహేందర్ నవ్వేశాడు.

ఎనిమిదింటికి తొమ్మిది మంది పిల్లలు వచ్చారు. పాట పాడించి, ప్రార్థన చేసి, మహేందర్ పాఠం మొదలుపెట్టాడు. చెప్పడం అతనికి బాగా వచ్చు.

"బాప్తిస్మం అంటే ఉత్త నీళ్లల్ల మునిగి లేసుడు కాదు. పాత బతుకును ఆ నీళ్లల్ల పాతిపెట్టి కొత్త మనిషిగ లేసుడు. ఇగ నుంచి నేను దేవుని మాట వింట అని నలుగురి ముందట ఒప్పుకునుడు. స్నానం చేస్తే ఒంటి మురికి పోతది. ఇది గట్లాంటిది కాదు. లోపల ఒప్పుకోకుంట పైన తడిస్తే, పొడి బట్టలు తడి బట్టలైతయ్ గంతే."

పిల్లలు నవ్వారు. ముందు కూర్చున్న ఒక చిన్నపాప చెయ్యెత్తింది. "సార్, దేవుడు కనబడడు కదా. మనం దేవుని మాట విన్నట్టు ఎట్ల తెలుస్తది?"

"మంచిగ అడిగినవ్ బిడ్డా. కనబడే మనుషులతోటి ఎట్లుంటమో దాంట్లనే తెలుస్తది. తల్లిని తండ్రిని గౌరవించుమని దేవుడే ఆజ్ఞ ఇచ్చిండు. కండ్ల ముందటి తల్లిని గౌరవించనోడు కనబడని దేవునికేం లోబడతడు?"

"బాపు."

గుమ్మం దగ్గర నుంచి సంజన పిలిచింది. క్లాసులో ఆమె కూడా 'సార్' అనడమే అలవాటు. ఆ పిలుపుకే మహేందర్ తలెత్తి చూశాడు.

"నువ్వు నాయినమ్మను గౌరవించినవా?"

పిల్లల తలలన్నీ గుమ్మం వైపు తిరిగాయి.

"ఏం మాటలే అవి?"

"నాయినమ్మ కందకుర్తి గంగకు తీస్కపొమ్మని అడిగిందంట. మెట్ల మీద చేయి పట్టుకొమ్మన్నదంట. నువ్వు రానన్నవంట. నిజమేనా?"

"ఎవరు చెప్పిండ్రు నీకు?"

"స్నేహక్క."

స్నేహలత మహేందర్ అన్న నర్సన్న కూతురు. ఇద్దరు పిల్లలదీ ఒకే బడి. పెద్దల మధ్య మాటలు తెగిపోయి ఆరేళ్లయినా, పిల్లలు బడిలో ఒకే టిఫిన్‌లో తింటున్నారని మహేందర్‌కు అప్పటిదాకా తెలియదు.

"లోపలికి పో."

"చెప్పు బాపు. నిజమే అయితే నా పేరు రాయకు. నువ్వు చేయనిది నేను అందరి ముందట ఎట్ల ఒప్పుకోవాలె?"

మహేందర్ చెయ్యి ఎప్పుడు లేచిందో అతనికే తెలియదు. చెంపదెబ్బ చప్పుడుకు చిన్నపిల్లలు బిక్కచచ్చిపోయారు. సంజన ఏడవలేదు. చెంప మీద చెయ్యి పెట్టుకుని తండ్రినే చూస్తూ నిలబడింది. ఆ చూపు దెబ్బ కంటే గట్టిగా తగిలింది.

సవితే పిల్లల్ని ఇళ్లకు పంపించింది. తిరిగొచ్చి తలుపు దగ్గరకు వేసింది.

"దాన్ని ఎందుకు కొట్టినవ్? అబద్ధం ఆడిందా?"

"దేవుని పని అది. పిల్లల ముందట నా ఇజ్జత్ తీసింది."

"గదే చెప్తున్న. దేవుడు, ఇజ్జత్, రెండింటిని ఒక్క తీరుగ పట్టుకున్నం మనం" అంది సవిత. "నాది గూడ తప్పే. ఆ రోజు నువ్వు కొంచెం మెత్తబడ్డవ్. గంగకు పోతే చర్చిల ఏమనుకుంటరు అని నేనే అన్న. దేవుడు వద్దన్నడని మనం ఆగలే. జనం ఏమంటరోనని ఆగినం."

మహేందర్ మూలనున్న స్టూలు మీద కూర్చుండిపోయాడు. ఆరేళ్ల కింద అవ్వ, అతని తల్లి, కూర్చున్నదీ ఆ స్టూలు మీదే.

అంజవ్వ ఆ రోజు ఊరి నుంచి ఒక్కతే బస్సెక్కి వచ్చింది. మోకాళ్లు వాచి ఉన్నాయి. ఆ పక్క వాళ్లకు గోదావరే గంగ. "ఒక్కసారి గంగల మునుగాలని పానం కొట్టుకుంటున్నది బిడ్డా. మెట్ల మీద కాలు ఆగుతలేదు. అటు అన్న, ఇటు నువ్వు పట్టుకుంటే చాలు. నీ దేవుణ్ణి నేనేం అనను. నువ్వు మునుగకు" అంది.

"రాను అవ్వా. గక్కడికి వస్తే నా సాక్ష్యం పోతది" అన్నాడు మహేందర్.

విశ్వాసిగా నలుగురిలో తనకున్న మంచిపేరు అని అతని ఉద్దేశం. ముసలమ్మకు ఆ చర్చి మాట అర్థం కాలేదు. "సాక్ష్యమా? కోర్టుల పడ్డవా బిడ్డా?" అని భయపడింది. ఆమె అమాయకత్వానికి అప్పుడతను నవ్వాడు కూడా. ఆమె చాయ్ తాగకుండానే మూడింటి బస్సుకు వెళ్లిపోయింది. రెండు నెలలకు చనిపోయింది. పాడె మోయడానికి కూడా మహేందర్ ముందుకు రాలేదు. వాకిలి బయటే నిలబడ్డాడు. "ఇగ నాకు తమ్ముడు లేడు" అని నర్సన్న ఊరందరి ముందూ అనేశాడు. అప్పటి నుంచి నర్సన్న మోటర్ కాలితే బోధన్ దాటించి నిజామాబాద్‌కు పంపిస్తాడు.

ఆ సాయంత్రం మహేందర్ పాస్టరుగారి ఇంటికి వెళ్లి జరిగిందంతా చెప్పాడు. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"తల్లి చెయ్యి పట్టుకుంటే పోయే సాక్ష్యం ఏం సాక్ష్యం మహేందర్? ఆ రోజు నన్ను ఒక్క మాట అడుగుతే అయిపోయేది గదా. నేనే వెంబడి వచ్చి ఇంకో పక్క పట్టుకుందును."

అడగలేదు. ఎవరినీ అడగలేదు. మోకాళ్ల మీద పడి దేవుణ్ణి కూడా అడగలేదు. తనకు తానే తీర్పు చెప్పుకుని దానికి విధేయత అని పేరు పెట్టుకున్నాడు. బయటికొచ్చి చర్చి గోడకు ఆనుకుని నిలబడితే, ఆ సంగతి అతనికి మొదటిసారి తెలిసింది.

ఇంటికొచ్చి కూతురి మంచం పక్కన కూర్చున్నాడు. "సంజనా, నువ్వడిగింది నిజమే. నిన్ను కొట్టుడు నా తప్పు" అన్నాడు. సంజన అప్పుడు ఏడ్చింది.

మూడు రోజులకు పెత్రమాస. చనిపోయిన పెద్దల పేరు మీద బియ్యం, కూరగాయలు ఇచ్చే అమావాస్య. ఆ పొద్దున మహేందర్ సంజనను బండి వెనక కూర్చోబెట్టుకుని, చెరుకు తోటల మధ్య నుంచి ఊరికి బయలుదేరాడు. నర్సన్న వాకిట్లో బీరకాయలు, గుమ్మడికాయ చేటలో సర్దుతున్నాడు. తమ్ముణ్ణి చూసి చేతులు ఆగాయి గాని లేవలేదు.

"ఈ ఇంట్ల మోటరేం కాలలే. ఎందుకొచ్చినవ్?"

"అన్నా, తప్పైంది."

"ఎవరికి చెప్తున్నవ్? వినేటిది పోయింది."

మహేందర్ ఎండలో అలాగే నిలబడ్డాడు. వదినె లోపలి నుంచి చెంబుతో నీళ్లు తెచ్చింది. సంజనను చూసి, "అచ్చం అత్త ముక్కే" అంటూ దగ్గరకు తీసుకుని లోపలికి నడిపించింది. స్నేహలత పరుగెత్తుకొచ్చి చెల్లెలి చెయ్యి అందుకుంది.

నర్సన్న చేట పక్కకు పెట్టాడు.

"నువ్వు రానన్నంక నేనొక్కన్నే తీస్కపోయిన అవ్వను. నీకు తెలుసా?"

"తెల్వదన్నా."

"మెట్టు మీద కూసున్నది. లే అవ్వా, నేను పట్టుకుంట అన్న. చిన్నోడు గూడ రానియ్యి, గప్పుడు మునుగుత అన్నది. రెండు గంటలు గట్లనే కూసున్నది నీళ్లను సూసుకుంట. సంచిల పెట్టుకపోయిన పొడి చీర పొడిగనే తెచ్చుకున్నది."

మహేందర్ అక్కడే నేల మీద కూర్చున్నాడు.

"బస్సుల నాతోని ఒట్టేయించుకున్నది. వానికి చెప్పకు, మనసుల పెట్టుకుంటడు అని. నీ మీద ఎంత కోపమున్నా గా మాట మాత్రం నోరు దాటనియ్యలే. ఇయ్యాల ఒట్టు తప్పిన."

మహేందర్ వాకిట్లోనే గట్టిగా, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నర్సన్న ఓదార్చలేదు. లేచి వచ్చి పక్కన కూర్చున్నాడు. ఆయన కళ్లూ తడిగానే ఉన్నాయి.

"అన్నా, నేను పూజల కూసోలేను. అబద్ధం చెప్పను. ఇంకేదన్న పని చెప్పు."

"నిన్ను పూజ చేయమని ఎవరన్నరు? అవ్వ గూడ అనలే" అన్నాడు నర్సన్న. "లెవ్వు. బియ్యం మూట బయటికి తే. మధ్యాహ్నం ఈడనే తినిపోండ్రి."

వచ్చే నెల జాబితాలో సంజన పేరు రాయలేదు. మహేందర్ అడగలేదు కూడా. తర్వాతి ఆదివారం అవే చాపల మీద, అవే తొమ్మిది మంది పిల్లల ముందు అతను తన తల్లి కథ చెప్పాడు. "పోయిన వారం నేను చెప్పిన పాఠం నిజమే. చెప్పినోడే నేర్చుకోలే" అన్నాడు. పిల్లలకు ఎంత అర్థమైందో గాని ఎవరూ కదలలేదు.

డిసెంబరులో సంజన తనంతట తానే పాస్టరుగారి దగ్గరకు వెళ్లి పేరు ఇచ్చింది. సంగతి తెలిసి నర్సన్న కబురు పంపాడు. "మీ పాటలు, ప్రార్థనలు నాకు తెల్వయ్. కానీ పిల్ల మాది. ఏ పొద్దుకు రావాలె?"

చర్చి వెనక నీళ్లతొట్టి చుట్టూ జనం నిలబడ్డారు. నర్సన్న, స్నేహలత వెనక వరసలో మహేందర్ పక్కన ఉన్నారు. దేవుని మాటకు లోబడి నడుస్తావా అని పాస్టరుగారు అడిగితే, సంజన తండ్రి వైపు చూడకుండా, తల ఎత్తి, "నడుస్త" అంది. మునిగి లేచింది. అందరూ పాట ఎత్తుకున్నారు.

"అవ్వ ఉంటే సూసి మురిసిపోయేది" అన్నాడు నర్సన్న, తమ్ముడికి మాత్రమే వినిపించేలా.

మహేందర్ పాడలేకపోయాడు. చెంపల మీద నీళ్లు కారుతుంటే పక్కనున్న వాళ్లు భుజం తట్టి, "బిడ్డ బాప్తిస్మం కదా, సంతోషం ఆగదు" అన్నారు. అతను కాదనలేదు. అవి సంతోషపు కన్నీళ్లు మాత్రమే కావని తెలిసిన ఒక్క మనిషి అతని పక్కనే నిలబడి ఉన్నాడు.