తవ్విపెట్టిన ఫిరంగి గురి

ఆ రోజు కల్లూరులోని ఆ కొత్త మేడలో ఐదుగురున్నారు. ఇంటాయన పెద్ద ఈరన్న, ఫిరంగుల రెజిమెంట్‌లో హవల్దారుగా చేసి రిటైరైనవాడు. ఆయన దాయాది చిన్న ఈరన్నది అదే రెజిమెంట్, అదే హోదా, అవే మీసాలు. వంటింట్లో బొరుగుల ఉగ్గాని కలుపుతున్న ఇంటావిడ మహాదేవి. సోఫాలో, వీడియో గేమ్ కంపెనీ తరఫున వచ్చానని చెప్పుకున్న యామిని; ఆమె సెంటు వాసనకు వంటింటి తాలింపు కూడా ఓడిపోయింది. ఐదో మనిషి, బీపీ చూసే నర్సు వేషంలో ప్రసన్నకుమారి. నిఘా విభాగం ఫీల్డ్ ఏజెంట్.

ముందురోజు బ్రీఫింగ్‌లో చీఫ్ శ్రీకాంత్ ల్యాప్‌టాప్‌ను ఆమె వైపు తిప్పాడు.

"యుద్ధం ఆట. ఇందులో ముందే గొయ్యి తవ్వి, ఇసుకమూటలు పేర్చి, దూరాలు కొలిచి సిద్ధంగా పెట్టిన ఫిరంగి కూడా పదిసార్లు పేలిస్తే మూడుసార్లే తగులుతుంది."

"చెత్త ఆట సార్."

"కావాలనే చెత్తగా చేశారు. నడిపేది విదేశీ ముఠా. ఎవరినీ బెదిరించరు, ఎవరికీ లంచమివ్వరు. తప్పు లెక్క పెట్టి రిటైరైన గన్నర్ల ముందు ఉంచుతారు. వాళ్లే దిద్దుతారు."

"అంత సులువా?"

"మగవాళ్లు కదా, ప్రసన్నా."

మ్యాప్‌లో పేర్లు మార్చారు గాని కొండలు మార్చలేదు. అది మన సరిహద్దు పోస్టు. పెద్ద ఈరన్న ఒకప్పుడు అక్కడే ఫిరంగి నడిపాడు. ఇప్పుడు అదే గోతిలో ఆయన కొడుకు భూపేష్ డ్యూటీ చేస్తున్నాడు. ఆ ఫిరంగి అసలు గురి ఎంతో తెలిస్తే, ఏ సందులోంచి దాటాలో, ముందుగా ఎవరిని చంపాలో శత్రువుకు తెలిసిపోతుంది.

"ఆయనకు ముందే చెబితే?"

"సాయంత్రానికి కర్నూలంతా చెప్తాడు. యామిని మన మనిషే, ముఠాలో చేర్పించాం. వాళ్ల అడ్డా ట్రేస్ అయ్యేదాకా ఆమె ఫోన్ నడవాలి; ట్రేస్ సంగతి ఆమెకూ చెప్పలేదు. నువ్వు కోడ్‌వర్డ్ అనగానే ఆమె కట్ చేస్తుంది."

అదీ ప్లాను. కాగితం మీద చాలా బాగుంది.

యామిని టీపాయ్ మీద ఫోన్ నిలబెట్టింది. లైవ్. అవతల ముఠా వింటోంది. తెరమీద పెద్ద ఈరన్న ఫిరంగి మళ్లీ గురి తప్పింది. శత్రువు ట్యాంకు దాని ముందునుంచే పెళ్లి ఊరేగింపులా తాపీగా పోయింది.

"ఏందమ్మా ఈ దరిద్రము! తవ్విపెట్టిన గన్ను ఇట్ల తప్పుతాదా? ఎవుడు చేసినాడు దీన్ని?"

"మీ రోజుల్లో ఇంతేనేమో అనుకున్నాం అంకుల్," అంది యామిని, ముద్దుగా నవ్వి.

చేపకైనా ఎర గుచ్చాలి. ఈయనకు నవ్వు చాలింది. ప్రసన్నకుమారి ఆయన చేతికి బీపీ పట్టీ బిగించింది. ఆ మిషన్‌లో ట్రాన్స్‌మిటర్ ఉంది. బయట షేర్ ఆటోలో కూర్చున్న టీమ్‌కు ప్రతి మాటా వినిపిస్తోంది. ఆమె చెవిలోని బుల్లి రిసీవర్ గొణిగింది: "ట్రేస్ ఓకే. కట్ చేయించు."

"నన్నారి షర్బత్‌లో నిమ్మకాయ ఎక్కువైంది," అంది ప్రసన్నకుమారి. అదే కోడ్‌వర్డ్.

యామిని ఆమె కళ్లలోకి చూసింది. ఫోన్‌ను పెద్ద ఈరన్న నోటికి ఇంకాస్త దగ్గరగా జరిపింది. రెండో చెయ్యి హ్యాండ్‌బ్యాగ్ జిప్ తీసింది. లోపల చిన్న పిస్టల్ మెరిసింది.

డబుల్ ఏజెంట్! హెడ్డాఫీసు పెద్దలు ఏడాదిగా ఈమె రిపోర్టులు చదివి మురిసిపోయారు. వాళ్లకూ ఈ మీసాలాయనకూ తేడా జీతంలోనే.

"నిజం నేను చెప్తా ఇనుకో తల్లీ. దూరం కొలిచి పెట్టుకున్న గన్ను పదిటికి..."

'చెప్పొద్దు' అనడానికి లేదు. ఆ ఒక్క మాటతో, రాబోయేది నిజమని అవతలివాళ్లకు రూఢి అవుతుంది. ఆయన నోరు మూసినా అంతే. ప్రసన్నకుమారికి మిగిలింది ఒకే ఆయుధం. ఈ సీమలో అది ఏ ఇంటి పక్కనైనా దొరుకుతుంది. దాయాది.

ఆమె అమాయకంగా అటు తిరిగింది. "ఏమి చిన్నాయనా, రెజిమెంట్‌లో నీ గన్నుకే పేరంట గదా?"

అప్పటిదాకా మూలన మీసం దువ్వుకుంటున్న చిన్న ఈరన్న లేచి నిలబడ్డాడు.

"ఎవురు చెప్పినారో గాని సత్యం చెప్పినారు పాపా! వీని గన్ను పదిటికి రెండు. నాది పదికి పది!"

"థూ! నీదా? నువ్వు కొడితే పక్క కొండకు తగిలేది. పదికి పది నాది, అదీ కండ్లు మూసుకోని!"

"నేను పొగమంచులో కొడితి!"

"నేను పొగమంచులో, జ్వరంతో కొడితి!"

"ఎగిరే కౌజుపిట్టను కొట్టినా రా, ఆమడ దూరంలో!"

"ఆమడేందిరా? నేను నాలుగామడల కాడ కొట్టినా, రెక్కకు! సంగటిలోకి వండుకోని తింటిమి!"

"ఫిరంగి గుండు తగిలినాక పిట్ట యాడ మిగుల్తాదప్పా?" అని వంటింట్లోంచి మహాదేవి అడిగింది.

యామిని మొహం పాలిపోయింది. "అంకుల్, ఒక్క నిమిషం, అసలు లెక్క..."

"అసలే చెప్తాండా! వాని మాదిరి అబద్ధమాడే వంశమా మాది?"

ఫోన్‌లోంచి ఒక విదేశీ గొంతు ఇంగ్లిష్‌లో అడిగింది: "పిట్టా? ఏం పిట్ట?" తర్వాత లైన్ తెగిపోయింది. ఇన్ని నెలల కుట్రకు దక్కింది ఒక కౌజుపిట్ట.

యామిని ఫోన్ లాక్కుని మెట్లు దిగింది. గేటు ముందు షేర్ ఆటోలో ఒకే సీటు ఖాళీగా ఉంది. ఆమె చెయ్యి హ్యాండ్‌బ్యాగ్‌లోకి పోకముందే ఇద్దరు ప్రయాణికులు ఆ చెయ్యి పట్టుకుని మర్యాదగా ఎక్కించారు. రిసీవర్ మళ్లీ గొణిగింది: "బెంగళూరు ఫ్లాట్‌లో ముఠా దొరికింది."

లోపల ఈరన్నలిద్దరూ ఇంకా పిట్టలు కొడుతూనే ఉన్నారు. కొడుకు ప్రాణం తన నాలుక చివరిదాకా వచ్చి వెనక్కి పోయిందని పెద్ద ఈరన్నకు ఎన్నటికీ తెలియదు. ప్రసన్నకుమారి పట్టీ విప్పి, మిషన్ సంచిలో పెట్టుకుని గడప దాటింది.

"పోయొస్తా పెదనాయనా."

ఆయన వెనకాలే వచ్చాడు. "నిలబడు. నా ఇంట్లో కూచోని, నా చెయ్యి పట్టుకోని, వాని గన్ను గొప్పదంటివే. గన్నంటే ఏందో తెలుసునా నీకు?"

"తెలీదు పెదనాయనా."

"తెలీనప్పుడు నోరు మూసుకోవల్ల. మీ మాదిరి నోరు జారేవాళ్లతోనే దేశానికి శానా డేంజరు."

అని ఆమె మొహం మీదే తలుపు వేశాడు.