మంచం ఎత్తు కారు

కాలువ పొంగి కర్రల అడితి కొట్టుకుపోయిన మరుసటి ఏడు ఆ ఇంటికి కొత్త కారు వచ్చింది. చిన్న కారే, కానీ జీపులా నిక్కి నిలబడేది. పిక్కల లోతు నీళ్ళలోనూ ఆగకుండా పోతుందని అమ్మినవాళ్ళు చెప్పారు.

కొన్నది కూతురు. ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది. మైలేజీ అడిగింది, వెనక కెమెరా చూసింది, వంతెన మీదికి తోలి చూసింది. ఏసీ వేస్తే ఇంజను కాస్త మూలిగింది గానీ ఎక్కింది. తండ్రి వడ్రంగి. ఆయన ఇవేవీ చూడలేదు. టేపు తీసి సీటు ఎత్తు కొలిచాడు. సరిగ్గా ఇంట్లో మంచం ఎత్తు. పెళ్ళయిన కొత్తలో భార్యకోసం తానే చేసిన మంచం అది.

"ఇదే తీసుకో" అన్నాడు.

తుంటి విరిగినప్పటినుంచి భార్య పాత కారులోకి వంగి కూర్చోలేకపోయేది. ఆస్పత్రిలో ఉన్న అక్కను ఒక్కసారి చూపించమని నెలరోజులుగా అడుగుతోంది. మంచం మీద కూర్చున్నట్టే కూర్చుంటుందిలే అనుకున్నాడాయన.

ఆ ఉదయం ఆమె పెందలాడే తయారై, సంచీ పట్టుకుని వాకిట్లోకి వచ్చింది. కూతురు తలుపు తెరిచింది. ఆమె సీటుకు వీపు తిప్పి నిలబడింది. సీటు అందలేదు.

"కూర్చోవే, మంచం ఎత్తే."

"కాళ్ళు లేవట్లేదండీ."

"నేను ఎత్తనా అమ్మా?"

"బస్తానా నేను, ఎత్తి పడెయ్యడానికి?"

కూతురు లోపలినుంచి పీట తెచ్చి వేసింది. వాలు నేల మీద పీట ఊగింది. ఆమె తూలి తలుపు పట్టుకుంది. "రేపు చూద్దాంలే" అని లోపలికి వెళ్ళిపోయింది.

కూతురు తండ్రివైపు తిరిగింది. "అమ్మను కూడా తీసుకెళ్ళి కూర్చోబెట్టి చూద్దామంటే విన్నావా నాన్నా? టేపుందిగా అన్నావు."

"రోజూ మంచం ఎక్కట్లేదా?"

"ఈ పీట ఎక్కడిదనుకున్నావ్? మంచం కిందది. ఇది లేకుండా ఎక్కలేక ఎన్నాళ్ళయిందో. అమ్మ కుంగి ఎత్తు తగ్గిపోయింది నాన్నా. ఒకే గదిలో ఉంటూ నువ్వే చూడలేదు."

"నాకు చెప్పలేదేం?"

లోపలినుంచి ఆమే జవాబిచ్చింది. "ముచ్చటపడి చేశారు. నేను పొట్టిదాన్నయ్యానని దాని కాళ్ళు కోయిస్తానా?"



సాయంత్రం ఫోను వచ్చింది. అక్క పోయింది.

ఆమె పెద్దగా ఏడవలేదు. మంచం అంచున కూర్చుని, "నా కోసం గుమ్మంకేసే చూసిందట" అంది. ఆయన ఆమె మొహంకేసి చూడలేక తల దించుకున్నాడు. ఆమె పాదాలు కనిపించాయి. నేలకు ఆనడం లేదు. బడిబల్ల మీద చిన్నపిల్ల కాళ్ళలా వేలాడుతున్నాయి. కళ్ళెదుటే మనిషి ఇంత తరిగిపోయింది, ఆయనేమో ఇన్నేళ్ళూ కర్రను కొలుచుకుంటూ కూర్చున్నాడు. కండువా నోట్లో కుక్కుకుని ఏడ్చాడు.

మరునాడు తెల్లవారగానే ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, మోకాలినుంచి మడమదాకా కొలిచాడు.

"ఇప్పుడెందుకండీ ఇది?"

ఆయన చెక్క తీసి కోయడం మొదలుపెట్టాడు. వెడల్పాటి మెట్టు ఒకటి చేసి, వాలుకు తగ్గట్టు కాళ్ళు చెక్కి, కారు పక్కన వేశాడు. ముందు తానే ఎక్కి నిలబడి ఊగుతుందేమో చూసుకున్నాడు. దిగి, ఆమెకు చెయ్యి చాచాడు.